వీజింగ్ ఉన్న పాప ఇన్‌హేలర్ వాడితే డోపింగ్ అంటారా?

బెజవాడ_నాన్న
మా పాపకి 14 ఏళ్లు. 200 బటర్‌ఫ్లై, 400 ఫ్రీస్టైల్ ఈదుతుంది. ఆరేళ్ల నుంచీ వీజింగ్ ఉంది. ఊపిరితిత్తులు బలపడతాయని డాక్టరు గారు చెబితేనే ఈతలో చేర్పించాం. పోయిన ఆదివారం పోటీల్లో వార్మప్ అయ్యాక ఆయాసం వస్తే మా ఆవిడ ఇన్‌హేలర్ రెండు పఫ్‌లు ఇచ్చింది. తర్వాత పాప ఫస్ట్ వచ్చింది. మెడల్ ఇంకా మెడలో పడకముందే, సెకండ్ వచ్చిన అమ్మాయి వాళ్ల నాన్న అందరి ముందూ "మందు పీల్చి గెలిచేదీ ఒక గెలుపేనా? నాడాకి రాస్తా చూడండి" అన్నాడు. నాడా అంటే మన దేశంలో డోపింగ్ పట్టుకునే సంస్థ.

ఆ రోజు నుంచి పిల్ల ఇన్‌హేలర్ ముట్టుకోవట్లేదు. నిన్న ప్రాక్టీస్‌లో నాలుగో సెట్ మధ్యలో గోడ పట్టుకుని ఆగిపోయింది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. బ్యాగు మూడడుగుల దూరంలో ఉంది, అయినా అటు చూడలేదు. కోచ్ గారేమో "స్టేట్ మీట్ అయ్యేదాకా మందులన్నీ ఆపేయండి సార్, ఎందుకొచ్చిన గొడవ" అంటున్నారు. మీట్‌కి ఇంకా ఆరు వారాలుంది. మేము తప్పు చేశామా? తెలిసినవాళ్లు చెప్పండి. రాత్రి నిద్ర పట్టడం లేదు.

లేన్_ఆరు
ముందు పాపకి ఇన్‌హేలర్ ఇవ్వండి. చర్చ తర్వాత చేద్దాం.

వాల్తేరు_అక్క
లేన్_ఆరు చెప్పిందే నా మాట కూడా. ఆస్తమా ఉన్న పిల్లకి మందు ఆపమనడానికి కోచ్ ఎవరు? డాక్టరా?

మందులషాపు_మూర్తి
గుంటూరులో 22 ఏళ్లుగా మందుల షాపు నడుపుతున్నాను. మా అబ్బాయి కూడా ఈదేవాడు కాబట్టి ఈ నిషేధిత మందుల లిస్టు నాకు బాగా అలవాటు. కాస్త వివరంగా రాస్తాను, ఓపికగా చదవండి.

ఆయాసం వచ్చినప్పుడు వాడే ఇన్‌హేలర్‌లో ఉండేది మామూలుగా సాల్బ్యుటమాల్. అది ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ వాడా నిషేధిత జాబితాలో ఉన్న మాట నిజమే. కానీ పీల్చే రూపంలో ఒక హద్దు వరకు వాడుకోవచ్చు. 24 గంటల్లో 1600 మైక్రోగ్రాములు దాటకూడదు, ఏ ఎనిమిది గంటల్లోనూ 600 దాటకూడదు. ఒక పఫ్ అంటే సాధారణంగా 100. మీ ఆవిడ ఇచ్చింది 200. తప్పు లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. రోజూ పొద్దున్నా రాత్రీ పీల్చే బుడెసొనైడ్ లాంటి నివారణ మందుకి కూడా మామూలు డోసులో అడ్డు లేదు. అది స్టెరాయిడే, కానీ కండలు పెంచే స్టెరాయిడ్ కాదు. ఆ పెద్దమనిషి రెండింటినీ ఒకే గాటన కట్టేసినట్టున్నాడు.

ఇక అసలు ప్రమాదం ఎక్కడుందంటే, నెబ్యులైజర్‌లో. అందులో పోసే మందు ఒక్కసారికే 2.5 మిల్లీగ్రాములు ఉంటుంది, అంటే 2500 మైక్రోగ్రాములు. హద్దు దాటిపోయినట్టే. సాల్బ్యుటమాల్ మాత్రలూ సిరప్పులూ ఏ డోసులోనూ కుదరవు. వీటన్నిటికంటే ఎక్కువగా చూసుకోవలసింది దగ్గు సిరప్. మన దగ్గర కఫానికి ఇచ్చే చాలా సిరప్పుల్లో టెర్బ్యుటలిన్ ఉంటుంది. ఏ రూపంలోనైనా, పోటీ ఉన్న రోజైనా లేని రోజైనా అది నిషేధమే. లెవోసాల్బ్యుటమాల్ కూడా అంతే. సాల్బ్యుటమాల్‌కి ఉన్న సడలింపు దానికి లేదు. కాబట్టి మీ ఇన్‌హేలర్ మీద ఏం రాసుందో కూడా ఒకసారి చూడండి. ఇంట్లో ఉన్న ప్రతి సీసా తిప్పి లేబుల్ చదవండి. పెద్ద అక్షరాల పేరు కాదు, కింద చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది చూడండి, అది.

స్టాప్‌వాచ్_సుబ్బు
మూర్తి గారి మాట కాదనను. కానీ ఒక్క సందేహం. పెద్ద పెద్ద స్విమ్మర్లలో ఇంతమందికి ఆస్తమా ఎలా వస్తుంది? మిగతా చాలా ఆటల్లో ఇంత కనపడదు. సర్టిఫికెట్ తెచ్చుకుని మందు వాడుకోవడం ఒక దారి అయిపోయిందని నా అనుమానం. ఈ పాప గురించి అనట్లేదు.

డాక్టర్_పద్మ
సుబ్బు గారూ, దానికి రెండు కారణాలు. ఒకటి, ఆస్తమా ఉన్న పిల్లల్ని మేమే ఈతకి పంపిస్తాం. రెండోది, క్లోరిన్ చెమటతోనూ మూత్రంతోనూ కలిసినప్పుడు పుట్టే వాయువులు సరిగ్గా నీటి పైనే తేలుతుంటాయి. స్విమ్మర్ ఏళ్ల తరబడి రోజుకి నాలుగైదు గంటలు ఆ గాలినే గుండెల నిండా పీలుస్తాడు. మూసిన పూల్‌లో ఇది మరీ ఎక్కువ. ముందు ఏమీ లేని వాళ్లకి కూడా శ్వాసనాళాలు ముడుచుకుపోయే గుణం వస్తుంది.

ఇంకో విషయం. ఆస్తమా లేనివాడు రెండు పఫ్‌లు పీల్చినంత మాత్రాన వేగం పెరగదు. ఉన్నవాడికి అది పక్కవాడితో సమానంగా ఊపిరి అందేలా చేస్తుంది, అంతే. నాన్న గారూ, పాపకి స్పైరోమెట్రీ, అంటే ఊపిరి పరీక్ష, చేయించి రిపోర్టు దగ్గర పెట్టుకోండి. ఆయాసం వస్తున్నా మందు వాడకుండా ఈదడం ప్రాణాల మీదికి తెస్తుంది. ఈ మాట పాపతో మీరు కాదు, మీ డాక్టరు గారితో చెప్పించండి.

ప్లానో_రవి
ఈ చర్చ చదువుతుంటే అమెరికా స్విమ్మర్ రిక్ డిమాంట్ గుర్తొచ్చాడు. నేను ఇక్కడ టెక్సస్‌లో మా పిల్లల క్లబ్‌లో వలంటీర్‌ని. ఈ కథ తెలియని పేరెంట్ ఉండకూడదని కొత్తగా చేరిన ప్రతివాళ్లకీ చెబుతాను.

1972 మ్యూనిక్ ఒలింపిక్స్. కుర్రాడికి 16 ఏళ్లు, చిన్నప్పటి నుంచి ఆస్తమా. 400 మీటర్ల ఫ్రీస్టైల్‌లో ఆస్ట్రేలియా బ్రాడ్ కూపర్‌ని సెకనులో నూరో వంతు తేడాతో ఓడించి గోల్డ్ కొట్టాడు. 4:00.26, 4:00.27. ముందు రాత్రి ఆయాసం వచ్చి ఎప్పుడూ వాడే మాత్ర వేసుకున్నాడు. అందులో ఎఫెడ్రిన్ ఉంది. దాన్ని దాచలేదు కూడా. వాడే మందులన్నీ టీమ్‌కి ఇచ్చిన ఫారంలో ముందే రాశాడు. అది చూసి ఇది నిషేధం, మార్చుకో అని చెప్పాల్సిన టీమ్ డాక్టర్లు చెప్పలేదు. మెడల్ లాక్కున్నారు. 1500లో వరల్డ్ రికార్డు అప్పటికి అతనిదే, ఆ ఫైనల్ కూడా ఈదనివ్వలేదు.

మరుసటి ఏడాది బెల్‌గ్రేడ్ వరల్డ్ చాంపియన్‌షిప్స్‌లో అదే 400 ఫ్రీస్టైల్‌లో నాలుగు నిమిషాల లోపు ఈదిన మొదటి మనిషి అయ్యాడు. 3:58.18. తప్పు మా డాక్టర్లదేనని అమెరికా ఒలింపిక్ కమిటీ ఒప్పుకోవడానికి 2001 దాకా పట్టింది. మెడల్ మాత్రం తిరిగి రాలేదు.

లేన్_ఆరు
29 ఏళ్లు. ఒక్క మాట ఒప్పుకోవడానికి.

బెజవాడ_నాన్న
రవి గారూ, ఇది పాపకి చదివి వినిపించాను. "ఫారంలో రాసినా తీసేసుకున్నారా?" అని రెండు సార్లు అడిగింది. ధైర్యం వచ్చిందో, భయం పెరిగిందో నాకు అర్థం కాలేదు.

ప్లానో_రవి
ఇప్పటి రూల్స్ అప్పటిలా లేవని కూడా చెప్పండి. పఫ్‌కి హద్దు ఉంది, తప్పనిసరైన మందుకి టీయూఈ అనే వైద్య మినహాయింపు ఉంది. అప్పుడు ఆ కుర్రాడికి ఇవేవీ లేవు.

ఖమ్మం_ఫ్రీస్టైల్
ఇవన్నీ మన మధ్యతరగతి వాళ్లకే. చైనాలో ఏం జరిగింది? 2021 జనవరి మొదట్లో షిజియాజువాంగ్‌లో పోటీలు పెట్టుకున్నారు, 23 మంది స్విమ్మర్ల శాంపిల్స్‌లో ట్రైమెటాజిడిన్ దొరికింది. గుండె నొప్పి వచ్చిన పెద్దవాళ్లకి ఇచ్చే మాత్ర అది, మా తాతయ్య వేసుకునేవాడు. హోటల్ వంటగదిలో కలిసిపోయిందని వాళ్ల ఏజెన్సీయే తేల్చేసింది. సస్పెన్షన్ లేదు, ప్రకటన లేదు. ఆ 23 మందిలో కొందరు టోక్యో వెళ్లి గోల్డ్ తెచ్చుకున్నారు. 2024 ఏప్రిల్‌లో న్యూయార్క్ టైమ్స్, జర్మనీ టీవీ ఏఆర్‌డీ బయటపెట్టేదాకా ప్రపంచానికి తెలియదు. బెజవాడలో 14 ఏళ్ల పిల్ల రెండు పఫ్‌లు పీల్చిందని ఏడిపిస్తారా?

స్టాప్‌వాచ్_సుబ్బు
బ్రదర్, అది కల్తీ కాదని కూడా ఎవరూ రుజువు చేయలేదు. దొరికిన మోతాదు చాలా తక్కువ, అందరూ దాదాపు ఒకే హోటల్ వాళ్లు. వాడా వేయించిన విచారణలో స్విస్ మాజీ ప్రాసిక్యూటర్ కూడా, అప్పీలుకి వెళ్లకపోవడం సమంజసమే అన్నాడు.

ఖమ్మం_ఫ్రీస్టైల్
వంటగదిలోకి గుండె మాత్ర ఎలా వచ్చిందో ఎవరైనా చెప్పారా? మసాలా డబ్బాల్లో, ఎగ్జాస్ట్ ఫ్యాన్ మీద దొరికిందన్నారు, అదీ రెండు మూడు నెలల తర్వాత. ఎవరు తెచ్చారు, ఎందుకు తెచ్చారు, జవాబు లేదు. కల్తీయే అనుకుందాం. అయినా రూల్ ప్రకారం ముందు సస్పెండ్ చేసి, పేర్లు ప్రకటించి, తర్వాత విచారించాలి కదా. మిగతా దేశాల స్విమ్మర్లు కల్తీ అని నిరూపించుకోవడానికి ఇల్లూ వాకిలీ అమ్ముకున్నంత పనవుతుంది. ఆస్ట్రేలియా స్విమ్మర్ షేనా జాక్ సంగతే చూడు. 2019లో ఆమె శాంపిల్‌లో లిగాండ్రోల్ అనే కండలు పెంచే మందు దొరికింది, ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పలేకపోయింది. కావాలని వాడలేదని కోర్టు నమ్మింది, అయినా రెండేళ్లు కూర్చోబెట్టారు. టోక్యో పోయింది.

స్టాప్‌వాచ్_సుబ్బు
అందరికీ ఒకే పద్ధతి ఉండాలన్న మాటకి ఒప్పుకుంటాను. చైనా అనగానే దొంగలు అనడమే నాకు నచ్చదు.

గచ్చిబౌలి_రాము
చైనా స్విమ్మర్ సన్ యాంగ్ కేసులో కూడా పద్ధతి గొడవే కదా. 2018 సెప్టెంబరు రాత్రి టెస్ట్ చేయడానికి ఇంటికొచ్చిన వాళ్ల కాగితాలు సరిగ్గా లేవన్నాడు, చివరికి రక్తం సీసా ఉన్న పెట్టెని సుత్తితో పగలగొట్టించారు. కాగితాల మీద అభ్యంతరముంటే ఫారంలో రాయాలి, సీసా పగలగొట్టకూడదు. మొదట ఎనిమిదేళ్లు వేశారు, జడ్జీల్లో ఒకాయన చైనా వాళ్ల మీద పెట్టిన ట్వీట్ల వల్ల ఆ తీర్పు కొట్టేసి మళ్లీ విచారించారు, చివరికి నాలుగేళ్ల మూడు నెలలు. 2019 గ్వాంగ్జు వరల్డ్ చాంపియన్‌షిప్స్‌లో ఆస్ట్రేలియా మాక్ హోర్టన్ అతని పక్కన పోడియం ఎక్కనన్నాడు గుర్తుందా? నేను ఆ రోజు టీవీ ముందు లేచి నిలబడ్డాను.

వాల్తేరు_అక్క
దేశాల సంగతి వదిలేసి పిల్లల దగ్గరికి రండి. మా బాబుకి జరిగింది చెబుతాను. క్లబ్ పేరు చెప్పను.

రెండేళ్ల క్రితం, బాబుకి పదిహేను. ప్రాక్టీస్ అయ్యాక సీనియర్ కోచ్ ఒక జిప్ కవర్లో తెల్లటి పొడి ఇచ్చాడు. లేబుల్ లేదు, పేరు లేదు, డేట్ లేదు. "విటమిన్లు, పాలల్లో కలుపుకో, ఇంట్లో చెప్పక్కర్లేదు" అన్నాడట. ఆ ఆఖరి మాట వల్లే బాబు నాకు చెప్పాడు. నేను ఆ కవరు పట్టుకుని పూల్‌కి వెళ్లాను. దీని డబ్బా చూపించండి, మీ పిల్లలకి కూడా ఇస్తున్నారా అని అడిగాను. రెండింటికీ జవాబు లేదు. మర్నాడే బాబుని మాన్పించేశాను. ఆరు నెలలు వాడు నాతో సరిగ్గా మాట్లాడలేదు, టీమ్ పోయిందని.

తూర్పు జర్మనీలో ఇదే మాట చెప్పేవాళ్లు, విటమిన్లని. నీలం రంగు మాత్రలు, ఓరల్ ట్యూరినబాల్, మగ హార్మోను మందు. 12, 13 ఏళ్ల ఆడపిల్లలకి. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్ ఈతలో ఆడవాళ్ల 13 ఈవెంట్లలో 11 వాళ్లవే. అమెరికా షెర్లీ బాబాషాఫ్ వీళ్ల గొంతులేంటి, వీళ్ల కండలేంటి అని బయటికే అడిగితే, ఓడిపోయి ఏడుస్తోందని పత్రికలు ఆమెనే వెక్కిరించాయి. రికా రైనిష్ అనే పిల్ల 15 ఏళ్లకి 1980 మాస్కో ఒలింపిక్స్‌లో మూడు గోల్డ్‌లు గెలిచి, అండాశయాలు దెబ్బతిని ఈత మానేసింది. 2000లో, పిల్లలకి మాత్రలిచ్చే ఆ పథకం నడిపిన పెద్దలు ఎవాల్డ్, హోప్నర్‌లకి కోర్టు వేసిన శిక్ష 22 నెలలు, 18 నెలలు. అదీ సస్పెండెడ్. ఒక్క రోజు జైల్లో లేరు.

సుబ్బు గారూ, తూర్పు జర్మనీ పిల్లల్ని కూడా నేను దొంగలనను. వాళ్ల చేతిలో మాత్ర పెట్టినవాళ్లని అంటాను.

స్టాప్‌వాచ్_సుబ్బు
అక్కా, ఇందులో మీతో నాకు పేచీ లేదు. ఆ రోజు మీరు పూల్‌కి వెళ్లి అడగడం చాలా పెద్ద పని.

గచ్చిబౌలి_రాము
పొడి సంగతి ఏమో గానీ, మన ఇళ్లల్లో ఇంకొకటుంది. సెలైన్. జ్వరం వచ్చి తగ్గితే "ఒక సీసా గ్లూకోజ్ ఎక్కించండి డాక్టరు గారూ, నీరసంగా ఉన్నాడు" అంటాం. 12 గంటల్లో 100 మిల్లీలీటర్లు దాటి నరంలోకి ఏది ఎక్కించినా, ఆస్పత్రి చికిత్సలో భాగం కాకపోతే, అది నిషేధిత పద్ధతి. లోపల ఉన్నది విటమినైనా సరే. అమెరికా స్విమ్మర్ ర్యాన్ లోక్టీకి 2018లో 14 నెలలు పడింది దానికే. ఎవరూ పట్టుకోలేదు, తనే చేతికి సూదితో ఉన్న ఫొటో ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టుకున్నాడు.

లేన్_ఆరు
మా అమ్మమ్మకి ఇది చెబితే "గ్లూకోజ్ కూడా దొంగతనమేనట్రా" అని నెల రోజులు నవ్వుతుంది.

కుర్చీ_రిఫరీ
20 ఏళ్లుగా టెక్నికల్ అఫీషియల్‌ని. మందు దాకా వెళ్లక్కర్లేదు, నీళ్లలోనే బోలెడు జరుగుతుంది. బ్రెస్ట్ స్ట్రోక్‌లో స్టార్ట్ అయ్యాక, టర్న్ అయ్యాక ఒకే డాల్ఫిన్ కిక్ (రెండు కాళ్లూ కలిపి కొట్టేది) ఉండాలి. 2012 లండన్‌లో దక్షిణాఫ్రికా స్విమ్మర్ కామెరాన్ వాన్ డెర్ బర్గ్ 100 బ్రెస్ట్ 58.46 వరల్డ్ రికార్డుతో గెలిచి, ఎక్కువ కిక్‌లు కొట్టాననీ, అందరూ కొడుతున్నారనీ తనే చెప్పాడు. నీటి అడుగున కెమెరాలు ఉండేవి, టీవీకి పనికొచ్చాయి, మా వాళ్లకి మాత్రం అప్పట్లో వాటిని చూసే అధికారం లేదు. 2024 పారిస్‌లో అమెరికా అలెక్స్ వాల్ష్ 200 మెడ్లీలో (నాలుగు రకాల ఈతలూ కలిపిన రేసు) మూడో స్థానంలో తాకింది, బ్యాక్ నుంచి బ్రెస్ట్‌కి మారేటప్పుడు గోడ తాకకముందే ఎక్కువ తిరిగిందని డిస్‌క్వాలిఫై చేశారు. బ్రాంజ్ ఆస్ట్రేలియా కేలీ మెకియోన్‌కి వెళ్లింది. అది మోసం కాదు, పొరపాటు. కానీ రూల్ రూలే.

మన దగ్గర నన్ను ఎక్కువగా బాధపెట్టేది వయసు. అండర్-14 హీట్‌లో ఒక్కోసారి బ్లాక్ మీద మీసాలొచ్చిన కుర్రాళ్లు నిలబడతారు. చేతిలో బర్త్ సర్టిఫికెట్ ఉంటుంది, అది సరిగ్గానే ఉంటుంది. పక్క లేన్‌లో నిజంగా పదమూడేళ్ల పిల్లాడు వాడి భుజం దాకా కూడా రాడు. ఓడిపోయాక ఆ పిల్లాడు టవల్ తలమీద వేసుకుని కూర్చుంటే నేను అటు చూడలేను. డోపింగ్‌కి సీసా ఉంది, ల్యాబ్ ఉంది. దీనికి వయసు తేల్చే ఎముక పరీక్ష ఉన్నా చేయించేవాళ్లేరి?

ఖమ్మం_ఫ్రీస్టైల్
ఇది నూటికి నూరు పాళ్లు నిజం. నేను ఈత మానేసింది అందుకే.

మందులషాపు_మూర్తి
రిఫరీ గారి బాధ నిజమే గానీ, అది ఎక్కువ కాబట్టి ఇది తక్కువ అనుకోకండి. 2023 వాడా లెక్కల్లో మన దేశంలో పరీక్షించిన 5,606 శాంపిల్స్‌లో 3.8 శాతం పాజిటివ్. ఎక్కువ టెస్టులు చేసే దేశాల్లో మనదే పై స్థానం. అదే ఏడాది ఢిల్లీలో రాష్ట్ర అథ్లెటిక్స్ మీట్‌కి నాడా వాళ్లొచ్చారని తెలిసి, వంద మీటర్ల ఫైనల్లో ఒక్కడే పరుగెత్తాడు. ఈ చెడ్డపేరు ఇప్పుడు శుభ్రంగా ఉన్న పిల్లల మీద కూడా పడుతోంది. ఆ నాన్న ఈ పాపని అలా అనడానికి కారణం కూడా అదే.

బెజవాడ_నాన్న
ఒక విషయం చెప్పాలి. చెప్పడానికి మనసు ఒప్పుకోవట్లేదు, కానీ వేరే నాన్నలు చదువుతారని రాస్తున్నాను.

మూర్తి గారి మాట విని రాత్రి ఇంట్లో సీసాలన్నీ డైనింగ్ టేబుల్ మీద పెట్టాను. ఇన్‌హేలర్ సాల్బ్యుటమాలే, 100 మైక్రోగ్రాములు. సరిపోయింది. ఫ్రిజ్ పైన దగ్గు సిరప్ ఉంది, సగం ఖాళీ. ఫోన్ టార్చ్ వేసి చదివాను. రెండో పదమే టెర్బ్యుటలిన్ సల్ఫేట్. పోటీకి ముందు రోజు రాత్రి పాప దగ్గుతుంటే నేనే రెండు మూతలు పోశాను. చీటీ లేదు, వీధి చివర షాపులో అడిగి తెచ్చింది. ఆ రోజు నిజంగా టెస్ట్ చేసి ఉంటే, అందరూ వేలెత్తి చూపిన ఇన్‌హేలర్ పాపని ఏమీ చేసేది కాదు. నేను ప్రేమగా పోసింది ముంచేసేది.

డాక్టర్_పద్మ
మీరు చదివారు, అదే ముఖ్యం. పాజిటివ్ వస్తే తెలియక వేసుకున్నా బాధ్యత ఆటగాడిదే అంటుంది రూల్. తెలియకపోవడం వల్ల శిక్ష తగ్గచ్చు, అంతే. ఇకనుంచి ఏ డాక్టరు దగ్గరికెళ్లినా మొదటి మాటగా "మా అమ్మాయి పోటీల్లో ఈదుతుంది" అని చెప్పండి. ఎప్పుడైనా నెబ్యులైజర్, ప్రెడ్నిసొలోన్ మాత్రలు తప్పనిసరైతే వాడండి, ఆపకండి. ఆస్పత్రి కాగితాలన్నీ దాచి టీయూఈకి పెట్టుకోండి. అత్యవసరమైతే తర్వాత కూడా పెట్టుకోవచ్చు. ముందే తెలిసిన మందైతే పోటీకి 30 రోజుల ముందే పంపాలి. మీకు ఆరు వారాలుంది.

కుర్చీ_రిఫరీ
టెస్ట్‌కి పిలిస్తే భయపడొద్దని పాపకి చెప్పండి. మైనర్ కాబట్టి మీలో ఒకరు వెంట ఉండచ్చు. ఆడపిల్లకి ఆడ అధికారే ఉంటుంది. కిట్ తనే ఎంచుకుంటుంది, శాంపిల్ తనే ఏ, బీ సీసాల్లో పోసి సీల్ చేస్తుంది. ఫారంలో గత ఏడు రోజుల్లో వాడిన మందులు రాయమంటారు. ఇన్‌హేలర్, పఫ్‌లు, అన్నీ రాయాలి.

వాల్తేరు_అక్క
పాప మళ్లీ మందు తీసుకుంటోందా? అది చెప్పలేదు మీరు.

బెజవాడ_నాన్న
తీసుకుంటోంది అక్కా. నిన్న డాక్టరు గారి దగ్గరికి వెళ్లాం, స్పైరోమెట్రీ అయింది. సిరప్ సంగతి పాపకి నేనే చెప్పాను, నా తప్పేనని. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత పాత లెక్కల నోట్‌బుక్‌లో మిగిలిన పేజీలు చించి, స్టేపుల్ కొట్టి తెచ్చింది. తేదీ, టైము, మందు, ఎన్ని పఫ్‌లు, ఎవరిచ్చారు అని గడులు గీసింది. మొదటి వరసలో సిరప్ పేరు రాసి, 'ఎవరిచ్చారు' కింద 'నాన్న' అని రాసింది.

కోచ్ గారికి మూర్తి గారి పోస్టు ప్రింటు తీసి ఇచ్చాను. చదివి మడిచి జేబులో పెట్టుకున్నారు. ఇంకేం అనలేదు.

స్టాప్‌వాచ్_సుబ్బు
ఆ రెండో అమ్మాయి వాళ్ల నాన్న?

బెజవాడ_నాన్న
ఇంకా పలకరించలేదు. ఆ అమ్మాయి మాత్రం మా పాప లేన్ పక్కనే ఈదుతోంది.

లేన్_ఆరు
200 ఫ్లై టైం ఎంతొచ్చిందో చెప్పండి.

బెజవాడ_నాన్న
ఈ పొద్దున 2:44. వార్మప్‌కి ముందు రెండు పఫ్‌లు, నోట్‌బుక్‌లో రాసింది.